ఒక మాత్ర తక్కువ

జూలై 1, సాయంత్రం

ఈ రోజు నేను చెయ్యి ఎత్తాను. పెద్ద టీచర్ ప్రశ్న పూర్తి చేయకముందే ఎత్తాను. ఒకటో తరగతి పిల్లలకు పళ్ళు ఎలా... అని ఆవిడ అంటూ ఉండగానే నా చెయ్యి లేచిపోయింది. మా తొమ్మిదో తరగతి మొత్తం నా వైపు తిరిగి, లేచిందిరా జెండా అని నిట్టూర్చింది. ఏం చేయను? నా చెయ్యి నా మాట వినదు.

జరిగింది ఏమిటంటే, పొద్దున మా బడికి పళ్ళ డాక్టర్ గారు వచ్చారు. ఒకటో తరగతి వాళ్ళకు తలా ఒక ఎర్ర మాత్ర ఇచ్చి నమలమన్నారు. సరిగ్గా తోముకోని చోట ఆ ఎరుపు అంటుకుని ఉండిపోతుందట. నమిలాక అందరినీ ఈ... అనమన్నారు. గది గదంతా ఎర్రగా ఇకిలించింది. ఒకడు అద్దంలో తన నోరు చూసుకుని నెత్తురు, నెత్తురు అని ఏడ్చాడు. ఎందుకు ఏడుస్తున్నాడో తెలియకపోయినా తోడుగా ఇంకో నలుగురు ఏడ్చారు. డాక్టర్ గారు ఇరవై రెండో తారీకున మళ్ళీ వస్తానన్నారు. అప్పటికి ఈ ఎరుపు సగమైనా తగ్గకపోతే తన డాక్టరీ దండగ అని కూడా అన్నారు.

పెద్ద టీచర్ అంటే మా హెడ్‌మిస్ట్రెస్. ఆవిడ ఆలోచన ఇది. టీచర్లు చెబితే చిన్నపిల్లలు వినరు, కాస్త పెద్దపిల్ల ఎవరైనా చెబితే వింటారు, ఒక పాట కట్టి చెబితే ఇంకా బాగా వింటారు. పిల్లల నోళ్ళలో ఎరుపు తగ్గితే ఆ పాటను కుళాయిల పక్క గోడ మీద రాయిస్తారట. కింద పాట కట్టినవాళ్ళ పేరు కూడా.

గోడ మీద. రంగుతో. నా పేరు.

నా పేరు ఈ డైరీలో ఎక్కడా రాయను. కావలసినవాళ్ళు ఇరవై రెండు తర్వాత వెళ్ళి గోడ మీద చదువుకోవచ్చు.

జూలై 2

మాటల పిచ్చి నాకు ఈ మధ్యే పట్టింది. ఎక్కించింది తెలుగు మాస్టారు. పోయిన నెల ఆయన ఛందస్సు మొదలుపెట్టారు. పొట్టి అక్షరానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు, పక్కన సున్నా ఉన్నా ముందు ఒత్తు ఉన్నా పొట్టిదానికీ రెండే. అప్పటి నుంచి ఎవరు ఏం మాట్లాడినా నాకు మాత్రలే వినిపిస్తున్నాయి. అన్నానికి రావే అని అమ్మ పిలిస్తే పది మాత్రలు అని లెక్కపెట్టాను. రెండోసారి అమ్మ పిలవలేదు, గరిటె పట్టుకుని వచ్చింది.

ఈ డైరీ రాయమన్నది కూడా మాస్టారే. ఎవరూ చదవరు అనుకుని రాస్తేనే మాట సూటిగా వస్తుందన్నారు. ఆ మాట చెప్పి, కూతురికి పాప పుట్టిందని సెలవు పెట్టి వెళ్ళిపోయారు. పాట చూపిద్దామంటే మనిషి లేరు.

మొదట పాటలో దంతధావనం అని పెట్టాను. నిఘంటువులో దొరికింది. చెవిలో డోలు వాయించినట్టు ఉంది. భోజనాల దగ్గర బాబాయికి వినిపించాను. బాబాయి సైన్‌బోర్డులు రాస్తాడు. మా ఇంట్లోనే ఉంటాడు. ధావనం అంటే పరుగు కదా, పళ్ళు ఎక్కడికి పరుగెడతాయే పండితురాలా, మా తాతకు అలాగే పరుగెత్తాయి, ఒక్కటీ తిరిగి రాలేదు అన్నాడు. అమ్మ మంచినీళ్ళు తాగుతూ పొలమారింది. దంతధావనం తీసేశాను. కొంచెం బాధగానే తీసేశాను.

ఇప్పుడు పాట ఇలా ఉంది.

పొద్దున లేచి పళ్ళు తోమండి
నిద్దుర ముందు పళ్ళు తోమండి
ముందూ వెనుక, కిందా మీదా
మూలమూలల పళ్ళు తోమండి

పొద్దుకూ నిద్దురకూ ప్రాస ఎంత చక్కగా పడిందో! ముందు తోముకోండి అనే రాశాను. కానీ తోముకోండి అంటే ఆరు మాత్రలు, తోమండి అంటే అయిదే. ఆ ఒక్క మాత్ర వల్ల పాట కుంటుతోంది. ప్రతి లైను చివరా గడప తట్టుకుని పడినట్టు ఉంది. ఒక మాత్ర కోసం పాట చెడగొట్టుకుంటామా? కో తీసేశాను. పాట పరుగెత్తింది.

పళ్ళు తోముకున్నావా అని అమ్మ వంటింట్లోంచి కేకేసింది. దాని గురించే రాస్తున్నా అన్నాను.

జూలై 3

ఒకటో తరగతిలో నా మొదటి క్లాసు. అట్టతో పెద్ద దవడ చేసుకుని వెళ్ళాను. పేస్ట్ బఠాణీ గింజంత చాలు అన్నాను. బఠాణీ గింజంత పిండి, మింగేసి, ఇంకో బఠాణీ అక్కా అన్నారు. పేస్ట్ తీయగా ఉందట. బ్రష్ పెన్సిల్లా పట్టుకోమంటే ఒకడు నిజంగానే గోడ మీద అ ఆ లు రాశాడు, పేస్ట్‌తో. బాగానే రాశాడు.

అందరూ నోళ్ళు తెరిచారు, ఒక్క పిల్ల తప్ప. పెదాలు బిగించి కూర్చుంది. బతిమాలాను, బొమ్మ చూపించాను, చక్కిలిగింత పెట్టాను. ముక్కుతో నవ్వింది కానీ నోరు తెరవలేదు. పక్క పిల్ల సంగతి చెప్పింది. దానికి పైన ముందరి పళ్ళు రెండూ ఊడాయి. ఎవరో తొర్రి, తొర్రి అన్నారట. అప్పటి నుంచి బళ్ళో దాని పేరు తాళంకప్ప. మరి ఆ పేరు పెట్టింది ఎవరే అంటే, నేనే అక్కా అని గర్వంగా చెప్పింది పక్క పిల్ల.

ఈ తాళంకప్ప పెద్ద టీచర్ మనవరాలు. ఆవిడ దగ్గరే ఉండి చదువుకుంటోంది. అంటే నా క్లాసు రోజూ రాత్రి పెద్ద టీచర్ ఇంటికి వెళ్తుందన్నమాట. ఈ ముక్క తెలిశాక అట్ట దవడను ఇంకాస్త తిన్నగా పట్టుకున్నాను.

వచ్చేటప్పుడు అందరికీ గట్టిగా చెప్పాను. పాటలో ఏముందో ఇంటి దగ్గర సరిగ్గా అదే చేయాలి. ఒక్క అక్షరం ఎక్కువ కాకూడదు, ఒక్క అక్షరం తక్కువ కాకూడదు. సరే అక్కా అని కప్పు ఎగిరిపోయేలా అరిచారు.

పాటను శుభ్రంగా రాసిన కాగితం బాబాయికి ఇచ్చాను. ఇరవై రెండు తర్వాతే సుమా అన్నాను. తల ఊపాడు. బాబాయి రేడియోకు కూడా అలాగే తల ఊపుతాడు.

జూలై 4

పాట వీధుల్లోకి పాకింది. మందుల షాపు అబ్బాయి కూడా ఈల వేస్తున్నాడు. రాత్రి తొందరగా నిద్ర పట్టదు నాకు.

జూలై 6

ఏం రాయను. ఎక్కడ మొదలుపెట్టను.

పొద్దున బడి గేటు దగ్గర తల్లులు గుంపుగా ఉన్నారు. మెచ్చుకోవడానికి వచ్చారనుకున్నాను. జడ సరిచేసుకుని మరీ వెళ్ళాను.

ఒకావిడ చేతిలో సంచి ఉంది. సంచిలో ఆపిల్ పళ్ళు ఉన్నాయి. అవన్నీ పుదీనా వాసన కొడుతున్నాయి. వాళ్ళబ్బాయి ఒక పేస్ట్ ట్యూబు అవజేసి ఇంట్లో ఉన్న పళ్ళన్నీ తోమాడట. అరటిపళ్ళు కూడా తోమాడు కానీ అవి తట్టుకోలేదమ్మా అంది. ఇంకో ఆవిడ, మావాడు దువ్వెనలన్నీ తన బ్రష్‌తోనే తోమాడు, ఇప్పుడు ఆ బ్రష్‌తో ఎవరి పళ్ళు తోమాలి నువ్వే చెప్పు అంది. వడ్రంగి కూతురు రంపం తోముతుంటే తండ్రి గుండె ఆగినంత పనైందట. ఒకడు కుక్కను పట్టుకున్నాడు. కుక్కకు నచ్చింది, ఇప్పుడు అదే బ్రష్ తెచ్చి ఇస్తోందట. ఒకమ్మాయి తన చెల్లెలిని ఎత్తుకుని వచ్చింది. చంటిదానికి ఉన్నదే ఒక్క పన్ను. అది అద్దంలా మెరుస్తోంది.

మొదట నవ్వొచ్చింది. తర్వాత క్లాసులోకి వెళ్ళి అడిగాను, మరి మీ పళ్ళు తోముకున్నారా అని.

లేదక్కా అన్నారు. ఒక్కరు కూడా తోముకోలేదు. ఎందుకర్రా అంటే, పాటలో ఆ మాట లేదు కదక్కా అన్నారు. తోమండి అని ఉంది, తోమాం. మూలమూలల అని ఉంది, వెతికి వెతికి తోమాం. ఒక్క అక్షరం ఎక్కువ చేయొద్దన్నావు కదా అని వడ్రంగి కూతురు నన్నే నిలదీసింది.

కుర్చీలో కూలబడ్డాను. నిజమే. గిన్నెలు తోమితే గిన్నెలు బాగుపడతాయి. తోముకుంటేనే మనం బాగుపడతాం. దువ్వు, రుద్దు, చెప్పు అన్నీ ఊరికే తిరుగుతాయి కానీ, పక్కన కో చేరిందంటే పని తిరిగి తిరిగి చేసినవాళ్ళ దగ్గరికే వస్తుంది. ఇంత పని చేసే కో ని ఒక్క మాత్ర ఎక్కువైందని బయటికి గెంటాను.

పళ్ళు అనే మాట కూడా నన్ను ముంచింది. పండుకు బహువచనమూ పళ్ళే, పన్నుకు బహువచనమూ పళ్ళే. దువ్వెనకూ పళ్ళే, రంపానికీ పళ్ళే. ఇన్నాళ్ళూ ఈ మాట ఎంత గొప్పదో అనుకునేదాన్ని.

జూలై 7

పాట మార్చాను. పొద్దున లేచి పళ్ళు తోముకోండి. పిల్లలు ఒప్పుకోలేదు. పాతదే బాగుంది, కొత్తదానికి కాలు నొప్పి అన్నారు. కుంటుతోందని వాళ్ళకూ తెలిసిపోయింది. వెనక బెంచీ వాళ్ళు కో దగ్గర పట్టు జారి తోముకోకోకోకోండి అన్నారు. అంతే, క్లాసంతా కోళ్ళఫారం అయింది. ఒకడు రెక్కలు కొట్టాడు. పక్క క్లాసు టీచర్ వచ్చి, ఇక్కడ గుడ్లు దొరుకుతాయా అని అడిగి వెళ్ళారు.

జూలై 8, మధ్యాహ్నం

ఈ రోజు అసెంబ్లీలో పెద్ద టీచర్ నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చారు. పిల్లలు గోలగా ఉన్నారు. ఆవిడ మైకు దగ్గరికి వచ్చి, ఎప్పటిలాగే గంభీరంగా, నిఫ్ఫబ్దం అన్నారు.

వెనక వరుసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ మళ్ళీ, ఫైలెన్ఫ్ అన్నారు. ఇక ఎవరివల్లా కాలేదు. మూడో తరగతి వరుస మొత్తం కింద కూర్చుంది. పీటీ సార్ జెండా కర్ర వైపు తిరిగి భుజాలు ఊపారు. కందిరీగ కుట్టిందని కొందరు, ఐస్ ముక్క నోట్లో ఉందని కొందరు చెప్పుకున్నారు.

అసలు సంగతి నాకొక్కదానికే తెలుసు. కుళాయిల దగ్గర తాళంకప్ప నా జడ పట్టుకుని కిందికి లాగి, చెవిలో చెప్పింది. అమ్మమ్మ పళ్ళు రాత్రి గ్లాసులో ఉంటాయట. ఆ మూల ఉన్న పళ్ళు ఎవరూ తోమడం లేదని దీనికి జాలేసిందట. పీచు, గిన్నెల సబ్బు తీసుకుని బాగా తోమిందట. నీళ్ళు ఓడ్చడానికి గరిటెను విదిలించినట్టు కుళాయికేసి టక్కున కొట్టిందట. రెండు ముక్కలు.

చాలా తెల్లగా వచ్చాయక్కా అంది. పెదాలు కదపకుండానే అంది.

జూలై 8, సాయంత్రం

పెద్ద టీచర్ గదికి పిలిచారు. బల్ల మీద రుమాల్లో ఏదో మూట కట్టి ఉంది. అదేమిటో నాకు తెలుసని ఆవిడకు తెలుసు. ఇద్దరం దాని వైపు చూడలేదు.

ఈ పాట ఎవరు ఫరి చూఫారు అని అడిగారు. మాస్టారు సెలవులో ఉన్నారని చెప్పాను. ఆ ఒక్క వాక్యంలో రెండు స లు నేను పలుకుతుంటే ఆవిడను వెక్కిరించినట్టే ఉంది. ఆవిడ గొంతులో కోపం లేదు, అందుకే ఇంకా భయం వేసింది. పిల్ల చెప్పింది చెప్పినట్టు చేఫింది, దాన్ని ఏమీ అనను అన్నారు. నన్ను కూడా ఏమీ అనరట. ఇరవై రెండున ఎరుపు తగ్గితే గోడ ఉంటుంది. తగ్గకపోతే గోడా లేదు, పాటా లేదు, మళ్ళీ ఒకటో తరగతి గడప తొక్కకూడదు. అర్థమైందా అన్నారు. అయిందన్నాను.

ఫరే, వెళ్ళు అన్నారు.

గేటు దాటేదాకా నవ్వలేదు. దాటాక కూడా నవ్వు రాలేదు.

జూలై 10

దొరికింది!

కో ని పాటలో ఇరికించాలని చూడటమే నా తప్పు. పిల్లలకు అది కోడి. కోడిని కోడిలాగే రానివ్వాలి. తోము అని ఆగాలి. అందరూ ఒక్కసారిగా కో! అని అరవాలి. ఎవరి వేలు వాళ్ళ ముక్కు మీద పెట్టుకోవాలి. అప్పుడు నెమ్మదిగా ండి. ఒక మాత్ర ఎక్కువైతే కుంటుతుంది కానీ, దాని మీద అందరం కలిసి దూకితే గెంతు అవుతుంది. మాస్టారు ఉంటే ఈ వాక్యం చూపించేదాన్ని.

పిల్లలు ఎగిరి గంతేశారు. ఎవరి పళ్ళు అని అడిగితే ముక్కు మీద వేలేసి కో! అంటున్నారు. వేలు ముక్కు మీద పెట్టమంటే ముక్కులో పెట్టినవాళ్ళు ఇద్దరున్నారు. అది వేరే పాఠం.

తాళంకప్ప వేలు పెట్టుకుంది. అరవలేదు. కో అనాలంటే నోరు గుండ్రంగా తెరవాలి మరి.

రాత్రి బల్ల మీద బ్రష్‌ల బొమ్మలు గీస్తుంటే, పళ్ళు తోముకున్నావా అని అమ్మ. ఉండమ్మా, రేపటి క్లాసు తయారు చేస్తున్నా అన్నాను.

జూలై 12, ఆదివారం

బాబాయి గోడ రాసేశాడు.

రేపటి నుంచి వేరే ఊళ్ళో పెద్ద పని, నెల దాకా రాడట. డబ్బాలో నీలం రంగు మిగిలితే ఎండిపోతుందని, ఆదివారం బడి ఖాళీగా ఉంటుందని, నాకు సర్‌ప్రైజ్ ఇద్దామని. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాడు. అడుగేసి ఎత్తున్న అక్షరాలు. అందంగా ఉన్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి. తోమండి, తోమండి, తోమండి. మూడుసార్లు. నాలుగో లైను కింద, పైపు అడ్డం వచ్చిందని ఖాళీ వదలకుండా చివరి తోమండికి ఆనించి నా పేరు.

ఏమే కవయిత్రీ, నోట మాట రావడం లేదా అన్నాడు. తప్పు కాగితం వెనక్కి తీసుకోవడం నాకు గుర్తే లేదు. ఇరవై రెండు తర్వాత అని చెప్పాను కదా బాబాయ్ అన్నాను. అంటే ఇరవై రెండు దాకా బాగుంటుందా అని అడిగావనుకున్నా, పదేళ్ళు ఉంటుందే ఈ రంగు అన్నాడు.

పదేళ్ళు.

జూలై 13

పెద్ద టీచర్ గోడ ముందు నిలబడి చదివారు. మొత్తం చదివారు, నా పేరుతో సహా. రుమాలు తీయకుండా, ఇరవై రెండు అన్నారు. అందులో స లేదు కాబట్టి సరిగ్గానే వినపడింది.

జూలై 16

రోజూ పొద్దున కుళాయిల దగ్గర బ్రష్‌లతో ప్రాక్టీస్. చిగుళ్ళు అనే మాట నేర్పాను. చెట్టుకు వచ్చేవీ చిగుళ్ళే, నోట్లో ఉండేవీ చిగుళ్ళే, అందుకే వాటిలోంచి పళ్ళు మొలుస్తాయి అన్నాను. తాళంకప్ప కళ్ళు పెద్దవి చేసుకుని విన్నది. కాసేపాగి వెనక్కి తిరిగి, చేత్తో నోరు కప్పుకుని లోపల వేలితో తడుముకుంది. ఎవరూ చూడలేదనుకుంది.

గోడ మీద తోమండి అని ఉంది, పిల్లలు తోముకో! అని అరుస్తారు. దారిన పోయేవాళ్ళు ఆగి గోడనూ పిల్లలనూ మార్చి మార్చి చూస్తున్నారు. గోడ ఒకటి చెబుతోంది, నోళ్ళు ఒకటి చెబుతున్నాయి. నాకు నోళ్ళ మీదే ఆశ.

జూలై 20

మాస్టారు వచ్చారు! గోడ చూసి నవ్వి నవ్వి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. ఛందస్సు బాగుందమ్మాయ్, అర్థమే ఊరు దాటి పోయింది అన్నారు. సున్నం వేసి మొత్తం చెరిపేస్తారేమో అని చెప్పి ఏడ్చేశాను. చిన్న తప్పుకు గోడంతా ఎందుకు చెరపాలి అన్నారు. మ కు ఒక కొమ్ము పెట్టు, దాని పక్కన కింద హంసపాదు వేసి పైన కో రాయి అన్నారు.

హంసపాదు! రాతలో అక్షరం పడిపోతే అది ఎక్కడ చేరాలో చూపించే గుర్తట. చాక్‌పీస్‌తో గీసి చూపించారు. బురదలో పిట్ట కాలు పెట్టి వెళ్ళిన ముద్రలా ఉంది. మన తెలుగు ఎంత మంచిదో చూడండి. తప్పు చేసిన చోట హంస వచ్చి నిలబడుతుంది. ఈ మాట దొరికినందుకు తప్పు చేసినా ఫరవాలేదు అనిపించింది. ఒక్క నిమిషమే అనిపించింది. ఇరవై రెండు ఇంకా రాలేదు.

జూలై 22, పొద్దున ఆరున్నర

అన్నం సయించదు. ఇంకా టిఫిన్ వేళ కూడా కాలేదు, అయినా సయించదని తెలిసిపోతోంది.

జూలై 22, సాయంత్రం

వరుసగా రాస్తాను. లేకపోతే అన్నీ కలగలిసిపోతాయి.

ముందు అసెంబ్లీ. పెద్ద టీచర్ రుమాలు లేకుండా వచ్చారు. కొత్త సెట్టు, వారం నుంచి ఇంట్లో అలవాటు చేసుకుంటున్నారట. మైకు ముందు నిలబడి, మెల్లగా, ఒక్కొక్క అక్షరం రుచి చూస్తున్నట్టు, నిశ్శబ్దం అన్నారు. బడి మొత్తం చప్పట్లు కొట్టింది. ఆవిడ నవ్వకుండా ఉండటానికి చాలా కష్టపడ్డారు. ఓడిపోయారు.

తర్వాత డాక్టర్ గారు. ఎర్ర మాత్రలు. నమిలారు, పుక్కిలించారు. నేను గోడకు ఆనుకుని నిలబడి లెక్కపెడుతున్నాను. డాక్టర్ గారు ఒక్కొక్కరి నోట్లో లైటు వేసి చూస్తున్నారు. ఊఁ అంటున్నారు. ఆ ఊఁ మంచిదో చెడ్డదో అర్థం కాదు. రెండు మాత్రల ఊఁ. వడ్రంగి కూతురికి అంచుల్లో మాత్రమే ఎరుపు. కుక్కకు తోమినవాడి నోరు దాదాపు శుభ్రం. ఆపిల్ అబ్బాయి మాత్రం మాత్ర తియ్యగా ఉందని మింగేశాడు, నాలుక తప్ప ఏదీ ఎర్రగా లేదు, వాణ్ణి లెక్కలోంచి తీసేశారు.

చివర తాళంకప్ప. మాత్ర పెదాల సందులోంచి లోపలికి తోసుకుంది. నమిలింది. నోరు తెరవలేదు. డాక్టర్ గారు బతిమాలారు. పెద్ద టీచర్ పక్కకు వచ్చి నిలబడ్డారు. ఆవిడ చేతులు చూశాను. చీర కొంగును మడతలు పెడుతున్నాయి. గోడ సంగతి కాదు ఆవిడ బాధ, మనవరాలి నోటి సంగతి అని అప్పుడే తెలిసింది నాకు. మూడు వారాలుగా నేను గోడే చూస్తున్నాను.

ఏం చేయాలో తోచక పాట ఎత్తుకున్నాను. పొద్దున లేచి పళ్ళు తోము... ఆగాను. గదంతా వేళ్ళు ముక్కు మీద పెట్టుకుని కో! అంది. నిద్దుర ముందు పళ్ళు తోము... కో! అంది. మూడోసారి మూలమూలల పళ్ళు తోము అని, నేను పిల్లలకు చెయ్యి అడ్డం పెట్టాను. అందరూ ఆగిపోయారు. ఖాళీ. ఒక అక్షరం ఖాళీ. అది ఎవరైనా నింపితే తప్ప ఊరుకోలేని ఖాళీ.

కో! అంది తాళంకప్ప.

గుండ్రంగా, గట్టిగా, కోడిపుంజు కూడా సిగ్గుపడేలా. డాక్టర్ గారు లైటు వేసేశారు. ఎరుపు ఒక్క చుక్క కూడా లేదు. ముందరి చిగుళ్ళలో రెండు తెల్ల చుక్కలు. కొత్త పళ్ళు, అప్పుడే మొలుస్తున్నాయి. పెద్ద టీచర్ చెప్పారు, కొత్త సెట్టు వచ్చిన నాటి నుంచి రోజూ రాత్రి అమ్మమ్మా మనవరాలూ పక్కపక్కన నిలబడి తోముకుంటున్నారట. ఆవిడవి చేతిలో పెట్టుకుని, దానివి నోట్లో పెట్టుకుని. విదిలించకూడదు అమ్మమ్మా అని ఇప్పుడు ఇదే ఆవిడకు చెబుతోందట.

డాక్టర్ గారు ఎరుపు సగానికి పైగా తగ్గిందన్నారు. ఇక్కడితో ఆపేసి ఉంటే ఎంత బాగుండేది.

డబ్బాలో ఒక మాత్ర మిగిలింది, ఎవరైనా... అన్నారు డాక్టర్ గారు. నా చెయ్యి లేచింది.

నమిలాను. ఈ... అన్నాను. వెనక దవడ పళ్ళు రెండు వైపులా ఎర్రగా, గోడకు రాసినంత చక్కగా, ఖాళీ లేకుండా. డాక్టర్ గారు ఊఁ అనలేదు, అమ్మో అన్నారు. పిల్లలందరూ నా వైపు వేళ్ళు చూపించి, అక్కా తోముకో! కో! కో! అని పాడారు. నేను నేర్పిన రాగంలోనే. ఇన్ని రోజులూ తోమించాను, నేను తోముకోలేదు. అమ్మ రోజూ అడుగుతూనే ఉంది. నేను రోజూ రాస్తూనే ఉన్నాను.

పెద్ద టీచర్ తీర్పు: గోడ ఉంటుంది. సున్నం వేయరు. కానీ తప్పు తప్పే, రాయించినవాళ్ళే దిద్దాలి. సరే, వెళ్ళు అన్నారు. స గట్టిగా పలికింది.

జూలై 23

బాబాయి నీలం డబ్బా అడుగున కొంచెం రంగు ఉంది. స్టూలు వేసుకుని ఎక్కాను. ఒకటో తరగతి మొత్తం కింద నిలబడి సలహాలు ఇచ్చింది. మొదటి లైనులో మ కు కొమ్ము, కింద హంసపాదు, పైన కో. కొంచెం వంకర. రెండో లైను ఫరవాలేదు. ఫ ఉన్న మాట కదా, ఫరవాలేదు అనాలన్నా ఇప్పుడు నాకు భయం, పెద్ద టీచర్ విని వెక్కిరింత అనుకుంటారేమో అని.

చివరి లైను దగ్గర చెయ్యి ఆగింది. హంసపాదు లైను కింద వేయాలి. ఈ లైను కింద నా పేరు ఉంది. ఖాళీ లేదు. దిద్దితే నా పేరు మధ్య అక్షరం మీద పడుతుంది.

వదిలేయొచ్చు. రెండు దిద్దాక మూడోది ఎవరు చూస్తారు? పేరు చూశాను. బాబాయి ఎంత ప్రేమగా రాశాడో, చివరి అక్షరానికి చిన్న నీడ కూడా వేశాడు. కిందికి చూశాను. అందరూ ముక్కు మీద వేళ్ళు పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. తాళంకప్ప నోరు అప్పుడే గుండ్రంగా ఉంది.

వేసేశాను.

ఇప్పుడు నా పేరు చదివితే ఇంకెవరి పేరో వస్తోంది. గోడ మీద చదువుకోవచ్చు అని మొదటి రోజు రాశాను. ఆ వాక్యం కొట్టేయాలి. కొట్టేయను. పక్కన చిన్న హంసపాదు వేశాను. పైన ఏం రాయాలో ఇంకా తోచలేదు.

పళ్ళు తోముకున్నాకే ఇది రాస్తున్నాను. అమ్మ అడగలేదు. నేనే వెళ్ళి వాసన చూపించాను.

జూలై 24

గోడ మీద మూడు కాలి ముద్రలు చూసి, ఏ పిట్ట నడిచింది అక్కా అని అడిగింది తాళంకప్ప. హంస అన్నాను. హంసకు పళ్ళుంటాయా అంది. ఉండవన్నాను. నోరంతా తెరిచి జాలిగా చూసింది.

పాపం, మరి ఏం తోముకుంటుంది అంది.